పరాయి సవరం

దానికి ల్యాబ్‌వాళ్లు పెట్టిన పేరు 'పరంపర'. నేను మాత్రం సవరం అనేదాన్ని. చూడ్డానికి అలాగే ఉండేది. నల్లటి సన్నని తీగల కుచ్చు, పైన రెండు క్లిప్పులు. పిల్ల జడ మొదట్లో గుచ్చితే జుట్టులో కలిసిపోయేది. సవరమంటే ఎవరిదో జుట్టు మన జడలో పెట్టుకుని మనదేనన్నట్టు తిరగడం. ఇదీ అంతే. పోయి నూరేళ్లు దాటిన దొరల చదరంగాన్ని మా పిల్లల తలల్లో దూర్చి, అదంతా మా పిల్లల తెలివేనని చప్పట్లు కొట్టించుకోవడం.

ఈ మాట ఒకసారి ఆ ల్యాబ్ నడిపే డాక్టర్ మృణాళినితోనే అన్నాను. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని, "నువ్వేం చదివావమ్మా?" అంది.

"ఇంటర్ మధ్యలో ఆపేశారండీ."

"ఆఁ" అంది. అంతే. ఆ ఒక్క 'ఆఁ'తో నన్ను మెట్ల మీదకి పంపేసింది.

నిజంగానే మా చోటు మెట్లే. గుంటూరులో అమరావతి రోడ్డు పక్కన ఉండేది ఆ రెండంతస్తుల మేడ. కింద చదరంగం అకాడమీ, పైన ల్యాబ్. పిల్లలకి ఏసీ గది, యంత్రాలకి ఇంకా చల్లటి గది, తల్లులకి మెట్లు. పై మెట్టు మీద ప్రభావతి కూర్చునేది, ఎందుకంటే వాళ్ల సహస్ర మా వర్ణిక కంటే ముందు చేరింది. మెట్ల మీద కూడా హోదాలు చూసుకునే జనం మేం. ఒకరినొకరు చూసి నవ్వేవాళ్లం, మన పిల్ల గెలిచి పక్కవాళ్ల పిల్ల ఓడితే ఇంకాస్త బాగా నవ్వేవాళ్లం.

మొదటి రోజు డాక్టరు నా ఎదుటే చేసి చూపించింది. బల్ల మీద పావులు పేర్చి, తన బంటునొకదాన్ని కావాలని వర్ణిక ముందుకి తోసింది. ఎనిమిదేళ్ల పిల్ల. గోళ్లు కొరుక్కుంటూ దాన్ని అటూ ఇటూ చూసి, తీసుకుంటే ఏమవుతుందోనని గుర్రాన్ని వెనక్కి లాక్కుంది.

"ఇదిగో, చూశావా? భయం" అంది డాక్టరు, భయం నా ఒళ్లో నుంచి దిగి పిల్ల ఒళ్లో కూర్చున్నట్టు నా వైపు చూస్తూ. ఆ మాట మాత్రం నిజమే. నేను బస్సు కిటికీలోంచి పిల్ల చెయ్యి బయట పెట్టనివ్వను. మంచినీళ్లు కాచి చల్లార్చి, చల్లారాయో లేదో మళ్లీ తాగి చూస్తాను.

తర్వాత గోడ మీద మూడు మెట్ల బొమ్మ చూపించింది. జగజ్జేత బిరుదు కోసం పోటీలు మొదలైన కాలానికి ముందు, అందరూ తెగించి ఆడేవాళ్లట. బంటునిచ్చి, శకటాన్నిచ్చి, చివరికి మంత్రినే ఇచ్చి రాజు మీద పడేవాళ్లట. ఎదుటివాడు బంటు ఇస్తానంటే వద్దనడం పరువు తక్కువట. అది మొదటి మెట్టు. ఆ తర్వాత మొదటి బిరుదు గెలిచినాయన వచ్చి, ఈ మెరుపులన్నీ దండగ, చిన్న చిన్న లాభాలు ఒక్కొక్కటే పోగేసుకో, బలం నీ వైపు వచ్చాకే మీద పడు అన్నాడట. జనం పిరికి ఆటని నవ్వారట, ఆఖరికి అందరూ అదే నేర్చుకున్నారట. అది రెండోది. మూడోది వాళ్ల తర్వాత వచ్చినవాళ్లది. బల్ల మధ్య గదులు ఎదుటివాడికే వదిలేసి, తాము దూరంగా కూర్చుని అక్కడి నుంచే వాణ్ని ఆడించేది.

"లోకం నేర్చుకున్న వరసలోనే పిల్ల కూడా నేర్చుకోవాలి" అంది డాక్టరు. "పాల పళ్లు రాకుండా గట్టి పళ్లు రావు కదా."

వాళ్లు చేసింది ఇదీ. పాత ఆటల కాగితాలన్నీ యంత్రానికి తినిపించారు. ఒక కాలపు ఆటగాళ్లు ఎక్కడ తెగిస్తారు, ఎక్కడ ఆగుతారు అన్నది యంత్రం పట్టేసింది. పిల్ల ఆలోచించేటప్పుడు ఆ తెగింపునో ఆ నిదానాన్నో సవరం సన్నటి జిల్లులా తలలోకి పంపేది. రోజుకి గంట. వారం తిరిగేసరికి డాక్టరు మళ్లీ అదే బంటుని ముందుకి తోసింది. వర్ణిక టక్కున తీసేసుకుంది. మూడెత్తుల తర్వాత తన గుర్రాన్ని ఊరికే పారేసింది. ఇంకో ఆరెత్తులకి డాక్టరు రాజుకి ఆట కట్టించింది. గోళ్లు కొరకడం ఎప్పుడు మానేసిందో నేను గమనించనే లేదు.

ఆ మొదటి మెట్టు నడిచిన మూడు నెలలూ మా ఆయన నేల మీద నడవలేదు. సాంబశివరావు మిర్చి కోల్డ్ స్టోరేజీలో మిషన్ ఆపరేటరు. రోజంతా బస్తాలు చల్లగా ఉన్నాయా లేదా అని చూడటమే పని. ఇంట్లో ఏ సంగతి చెప్పినా అంత చల్లగానే వినేవాడు. అలాంటి మనిషి జిల్లా పోటీలో పిల్ల మంత్రినిచ్చి గెలిచిందని తెలిసి, వీధిలో కనబడ్డవాళ్లనల్లా ఆపి మరీ చెప్పాడు. వాళ్లకి మంత్రంటే ఏంటో తెలియదు, ఇవ్వడమంటే ఏంటో తెలియదు. అయినా, "అమ్మో, మంత్రినే!" అన్నారు.

ఇంట్లో మాత్రం వేరే ఆట నడుస్తోంది. మొదట వర్ణిక తన టిఫిన్ డబ్బా ఎవరికో ఇచ్చేసింది. తర్వాత గొడుగు. ఆ తర్వాత ఒక కాలి పట్టీ.

"పట్టీ ఏదే?"

"మా క్లాసు జెస్సీకిచ్చా."

"ఎందుకిచ్చావ్?"

"అది ఇప్పుడు నన్ను లీడర్ని చేస్తది చూడు" అంది, కళ్లు మెరుస్తుంటే.

మనసు మంచిదని సరిపెట్టుకున్నాను. మంచితనం కాదది. అది ఇచ్చిన ప్రతిదాని వెనకా ఒక రాజు ఉండేవాడు, ఆ రాజు మీద పడటానికే ఇచ్చేది. నాకది బడి నుంచి ఫోను వచ్చిన రోజున తెలిసింది. ఎవరో దూకమన్నారట. వద్దనడం పరువు తక్కువ కదా. వరండా సన్‌షేడ్ మీద నుంచి ఇసుక గుట్ట మీదకి దూకింది. ఎడమ మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో పిండికట్టు వేస్తుంటే నేను ఏడుస్తున్నాను, అది నవ్వుతోంది.

"చెయ్యి పోతే పోయిందమ్మా, పందెం నేనే గెలిచా."

మర్నాడే ల్యాబ్‌కి వెళ్లి సవరం తీసెయ్యమన్నాను. డాక్టరు పాత ఆటల పుస్తకమొకటి తిరగేస్తోంది. నాకు ఆటల రాత చదవడం వచ్చు. పోటీలకి తిరిగి తిరిగి, ఏ పావు ఏ గదికి వెళ్లిందో గుర్తులు చూసి చెప్పగలను, అంతవరకే. ఆ పుస్తకంలో పేజీ తర్వాత పేజీ చూశాను. ఇరవై ఎత్తులు, గెలుపు. పదిహేడు ఎత్తులు, గెలుపు.

"ఓడిపోయిన ఆటలేవండీ?"

"ఏంటి?"

"వీళ్లు మంత్రిని ఇచ్చిన ప్రతిసారీ గెలిచారా? ఇచ్చి ఓడిపోయినవి ఉంటాయి కదండీ."

ఆవిడ చిన్నపిల్లని చూసినట్టు నవ్వింది. "అప్పట్లో చూడముచ్చటైన ఆటలనే ఎక్కువగా రాసి దాచేవాళ్లమ్మా. ఓడినవాటిని ఎవడు అచ్చేస్తాడు?"

"అయితే మీ యంత్రానికి ఓటమన్నదే తెలీదు."

డాక్టరు నవ్వు ఆగింది. ఒక్క క్షణమే. అంత చదువు చదివి, అన్ని యంత్రాలు పెట్టి, మెట్ల మీద కూర్చున్నదానికి కనిపించింది తనకి కనిపించలేదని ఒప్పుకోవడానికి ఆ క్షణం చాల్లేదు.

"అందుకేగా రెండో మెట్టు" అంది. "ఆ కాలానికి పోటీలు మొత్తం అచ్చయ్యాయి, గెలుపూ ఓటమీ అన్నీ. ఇక నీ కూతురు దూకదు. జాగ్రత్తగా ఉంటుంది. నీకు కావలసింది అదేగా?"

అదే. ఆవిడ నాకు బంటుని చూపించింది, నేను టక్కున తీసుకున్నాను. సంతకం పెట్టిన చెయ్యి నాదే. డాక్టర్ని తిట్టిన నోటితోనే ఇది కూడా చెప్పుకోవాలి.

రెండో మెట్టు మొదటి నెల నా జీవితంలో అన్నింటికంటే హాయిగా గడిచింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం. వర్ణిక రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి తనే పట్టుకునేది. పెన్సిళ్లు పొడుగు వరసలో పేర్చుకునేది. నీళ్లు కాచానా అని తనే అడిగేది. పోటీల్లో ఇప్పుడు ఎవరూ చుట్టూ మూగేవాళ్లు కాదు, దాని ఆట చూస్తే ఆవలింతలు వచ్చేవి. అయినా గెలిచేది. ఎదుటి పిల్ల అరవై ఎత్తులు ఊపిరాడక కొట్టుకుని, ఆఖర్న ఏడుస్తూ చెయ్యి కలిపేది. ఇది ఆ ఏడుపుని కూడా లాభంలో కలుపుకున్నట్టు తలూపేది.

తర్వాత చిన్న చిన్నవి కనబడటం మొదలైంది. చెల్లెలు బుజ్జికి ఏడాదిన్నర. అక్క బిస్కెట్టు కావాలని చెయ్యి చాస్తే, వర్ణిక ముందు బుజ్జి చేతిలోని గిలక్కాయ తీసుకుని, అప్పుడు సగం విరిచి ఇచ్చేది. పెద్ద సగం తనకి. ఒకరోజు మా ఆయనతో నేను గొడవకి దిగబోతుంటే నా కొంగు పట్టి లాగింది.

"ఇవాళొద్దమ్మా. ఇంకో రెండు రోజులాగు. నాన్న తప్పులు ఇంకొన్ని పోగవుతయ్. అప్పుడడుగు."

మా ఆయన నవ్వాడు. "ఏందే ఇది, లాయరైపోయిందా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నా తప్పులెన్ని పోగేసి పెట్టుకుందోనన్న ఆలోచనే వచ్చింది.

ఆ ఆదివారం పొద్దున నేను వంటింట్లో ఉన్నాను. వర్ణిక పెరటి గడప మీద లెక్కలు చేసుకుంటోంది.

"అమ్మా, బుజ్జి తొట్లో పడింది."

పాలు పొంగుతున్నాయి అన్నట్టు చెప్పింది. మునిసిపాలిటీ నీళ్లు పట్టుకోవడానికి నేలలోకి దింపి కట్టిన సిమెంటు తొట్టి. నేనెలా పరుగెత్తానో తెలీదు. పిల్లని బయటకి లాగి బోర్లించి వీపు తట్టాను. నీళ్లు కక్కి, కేర్‌మంది. నేను బుజ్జిని గుండెకి హత్తుకుని నేల మీద కూలబడిపోయాను. వర్ణిక పుస్తకం మూసి, పెన్సిలు డబ్బాలో పెట్టి, అప్పుడొచ్చింది.

"పక్కనే ఉన్నావు కదే! చెయ్యి పట్టుకుని లాగొచ్చుగా?"

"నీళ్లు నా మెడ దాకా ఉన్నయ్. నేను దిగితే ఇద్దరం పోవచ్చు. నువ్వు స్టౌ దగ్గరున్నావ్. పదకొండు అడుగులు. టైముందమ్మా."

లెక్క సరైనదే. అందుకే బుజ్జిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. దిగొద్దని నేనే చెప్పాను, ముట్టుకోవద్దని, దూకొద్దని, జాగ్రత్తని పుట్టినప్పటి నుంచీ నూరిపోసింది నేనే. కానీ పిలిచేటప్పుడు దాని గొంతు ఒణకాలి కదా. ఒక్క అడుగైనా అటు వెయ్యబోయి ఆగాలి కదా. నా కూతురు ముందు పదకొండు అడుగులు లెక్కపెట్టి, ఆ తర్వాత పిలిచింది.

డాక్టరుతో చెప్తే, "కరెక్ట్ మూవ్" అంది. ఆ మాట అని టీ తాగింది.

పై మెట్టు మీద కూర్చున్న ప్రభావతి నా గోడంతా విని పెదవి విరిచింది. "దీనికే ఇంత గోలేందమ్మా కోటేశ్వరీ? మా సహస్ర మూడో మెట్టెక్కి రెండు నెలలైంది. నా దగ్గరకే రాదు. నన్ను అమ్మా అని పిలిచి ఎన్నాళ్లయిందో. అట్టా ఆ మూల కూర్చుని ఒక్క చూపు చూస్తది, దానికేం కావాలో నేనే కనుక్కుని పరిగెత్తి తెస్తా. ఎంత తెలివో!"

"తెలివా?"

"మరి? రాష్ట్రంలో రెండో ర్యాంకు. మీ పిల్ల ఎన్నోది?"

కూతురు అమ్మా అని పిలవనందుకు పొంగిపోయే ఆ మొహం చూస్తే అసహ్యం వేసింది. మూడు నెలలు ఆగితే ఆ మొహం నాదే అవుతుందని తోచి ఇంకా అసహ్యం వేసింది.

లోపలికి వెళ్లి, డాక్టరు ఎదురుగానే వర్ణిక జడలోంచి క్లిప్పులు తీశాను. చిక్కు పడ్డ నాలుగు వెంట్రుకలు కూడా ఊడొచ్చాయి. సవరాన్ని బల్ల మీద పెట్టాను.

"వచ్చే వారం మూడో మెట్టు. నెలలో రాష్ట్ర పోటీ" అంది డాక్టరు. "ఇప్పుడు తీసేస్తే మామూలు పిల్లయిపోతుంది, తెలుసా?"

"అవనివ్వండి."

"అయినా నువ్వు తీస్తే పోదమ్మా అది. ఇన్ని నెలల జిల్లు తలలో ఉండిపోతుంది. తలని ఖాళీ చెయ్యడం మాకూ రాదు. ఒకరి ఆట పోవాలంటే దాని మీద ఇంకొకరి ఆట పడాల్సిందే. ఆ మొదటి బిరుదు గెలిచినాయన కూడా వయసులో తెగించే ఆడాడు, తర్వాత మారాడు. మార్పుకి అంత భయపడితే ఎలా?"

"ఆయన తనంతట తను మారాడు కదండీ. ఎవరూ ఆయన జడకి క్లిప్పులు పెట్టలేదుగా?"

నేను సంచీలోంచి కాగితాల కట్ట తీశాను.

ఇవేంటో చెప్పాలి. పోటీల్లో పిల్లలు ప్రతి ఎత్తునీ ఒక కాగితం మీద రాస్తారు. ఆట అయ్యాక బయటికొచ్చి ఆ కాగితాన్ని తల్లిదండ్రుల చేతికిస్తారు. గెలిస్తే ఫైల్లో పెడతారు. ఓడితే అక్కడే పిల్ల ఎదుటే చింపి పారేస్తారు. సాయంత్రం ఊడ్చేవాళ్లకి వరండా నిండా పిల్లల చేతిరాత ముక్కలే. మా వర్ణిక ఆరేళ్లప్పుడు ఆడటం మొదలుపెట్టి, సవరం పెట్టేలోగా నలభై ఒక్క ఆటలు ఓడింది. చింపడానికి నాకు చేతులు రాలేదు. వంకర టింకర అక్షరాలు, అంచుల్లో పిచ్చి పిచ్చి పూలు. చీర మడతల్లో దాచాను.

"ఇది దీని సొంత ఆట. ఇదే పెట్టండి దీని తలలో."

డాక్టరు నాలుగు కాగితాలు తిరగేసింది. "ఇవన్నీ ఓడిపోయినవే."

"అవునండీ."

"నలభై ఒక్క ఓటముల్ని నా యంత్రానికి తినిపించమంటావా? ఈ చెత్తనా?"

తలుపు దగ్గర నుంచి ప్రభావతి కిసుక్కున నవ్వింది. డాక్టరు కూడా నవ్వింది. నా కూతురు నవ్వలేదు. లాభం లేని చోట అది నవ్వదు. కాగితాలు తీసుకుని, దాని చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను. చెప్పులు వేసుకుంటుంటే, "మూడో మెట్టు వదులుకోవడం నష్టమమ్మా" అంది వర్ణిక, నిదానంగా.

మర్నాటి నుంచి బడి అవ్వగానే బల్ల పరిచేదాన్ని. యంత్రం చెయ్యనిది నేను చెయ్యాలనుకున్నాను, అంతకు మించి ఆలోచన లేదు. కాగితం చూసి నేను చదువుతుంటే వర్ణిక పావులు జరిపేది. రోజుకొక ఓటమి. దాని మొహంలో డాక్టరు చిరునవ్వే కనిపించేది.

"ఎవరాడారమ్మా ఇంత చెత్తగా?"

"నువ్వే."

"కాదు. ఇక్కడ బంటుని జరిపితే అయిపోయేది. ఇంత తెలివి తక్కువది నేనెట్టా అవుతా?"

రాష్ట్ర పోటీ వచ్చింది, వెళ్లింది. మేం వెళ్లలేదు. మా ఆయన రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు రెండింతలు తిన్నాడు. సహస్ర మొదటి ర్యాంకు కొట్టిందని ప్రభావతి పనిగట్టుకుని ఫోన్ చేసి చెప్పింది. "పిల్ల ఏమంది?" అని అడిగాను. "అదేమంటది? కప్పు నా చేతికిచ్చి కారెక్కింది" అని పెట్టేసింది.

పది కాగితాలయ్యాయి, ఇరవయ్యాయి. ఏమీ మారలేదు. బిస్కెట్టు పెద్ద సగం దానిదే. నేను మాత్రం చాకలి పద్దులా చదువుకుంటూ పోతున్నాను. నాకు పిచ్చేమోనని నాకే అనుమానం వచ్చింది. రాత్రుళ్లు నిద్రపట్టేది కాదు, డాక్టరు మాటే నిజమైతే అనుకుంటూ.

ముప్పై నాలుగో కాగితం. వర్ణిక గెలిచే ఆట. నాక్కూడా అర్థమయ్యేంత తేలిగ్గా గెలిచే ఆట. ఉన్నట్టుండి మంత్రిని తీసుకెళ్లి ఎదుటివాళ్ల బంటు నోట్లో పెట్టేసింది. ఊరికే. ఆ తర్వాత నాలుగెత్తుల్లో ఓటమి.

వర్ణిక మంత్రిని అక్కడ పెట్టి ఆగింది. బల్ల చుట్టూ తిరిగింది. ఎదుటి వైపు కూర్చుని చూసింది. బుజ్జి తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"దీనికి కారణం లేదు" అంది వర్ణిక.

"ఉండే ఉంటుంది."

"లేదమ్మా. చూశా. లాభం లేదు, దాడి లేదు, ఏం లేదు. ఎందుకిస్తారు?"

నేను కాగితం దాని ముందు పెట్టాను. అంచున ఒక పువ్వు బొమ్మ, సగంలో ఆపేసింది. దాని పక్క గీత వంకరపోయి కాగితం చివరిదాకా జారింది. వర్ణిక ఆ గీత మీద వేలు పెట్టి రాసింది. చాలాసేపు రాసింది. అప్పుడు దాని మోకాళ్లు రెండూ దగ్గరికొచ్చాయి. దానికి తెలియకుండానే.

"అమ్మా" అంది. గొంతు మారింది. "నాకు ఒంటేలొచ్చిందమ్మా."

"వెళ్లు మరి."

"ఇప్పుడు కాదు. అప్పుడు! ఆ సార్‌ని అడగాలంటే భయమేసింది. ఆట అయిపోతే వెళ్లొచ్చని... మంత్రినిచ్చేశా!"

నేను దాని మొహం చూశాను. నోరు తెరిచి, పళ్లు బయటపెట్టి, కడుపు పట్టుకుని నవ్వుతోంది. నవ్వుతూనే కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "గెలిచే ఆటమ్మా అది! ఓడిపోయానమ్మా! గెలిచేదాన్నే!" అని ఏడాది కిందటి ఓటమికి ఇప్పుడు వెక్కిళ్లు పెట్టి ఏడ్చింది. సవరం పెట్టాక అది ఏడవడం అదే మొదలు. ఏ పుస్తకంలో అచ్చేస్తారు దీన్ని? ఏ యంత్రం చెబుతుంది మంత్రినెందుకు ఇచ్చిందో?

బుజ్జి ఆ మంత్రి కోసం చెయ్యి చాచింది. "తా, తా" అంది. వర్ణిక ముక్కు తుడుచుకుంటూ, అటు చూడకుండానే మంత్రిని తీసి దాని చేతిలో పెట్టింది. బదులుగా ఏమీ లాక్కోలేదు.

అడిగాను. "ఎందుకిచ్చావే?"

"అడిగిందిగా" అంది.

బుజ్జి మంత్రి తలని నోట్లో పెట్టుకుంది. మింగేస్తుందేమోనని నేను బల్ల తన్నేసి పరుగెత్తాను.